సెన్సర్ మౌనానికి అర్థమేమిటి? కారు వెనుక గుండీలు విననివి

(ఒక గ్రంథాలయ సభా మందిరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

లోపలికి వచ్చేముందు బయట నిలిపి ఉన్న కార్లను ఒకసారి చుట్టి చూసి వచ్చాను. వాటిలో చాలా కార్ల వెనుక బంపర్ మీద కోటు గుండీలంత గుండ్రటి బిళ్ళలు వరుసగా కనిపించాయి. కొన్నింటికి రెండు, కొన్నింటికి నాలుగు. ఇవి ఒకప్పుడు ఖరీదైన కార్లకే ఉండేవి. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రయాణికుల కార్లన్నింటికీ వెనుక పార్కింగ్ సెన్సర్లను తప్పనిసరి చేశారు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు హెచ్చరిక, వేగం మించితే మోగే హెచ్చరిక కూడా అదే రోజున తప్పనిసరి అయ్యాయి. అంటే కోరుకున్నా కోరుకోకపోయినా ఈ గుండీలు మన ఇళ్ళకు వచ్చేశాయి. వాటి మోత మనకు అలవాటయింది. ఆ మోత ఆగితే వెనుక ఏమీ లేదని నమ్మడం కూడా అలవాటయింది. నేను ఈ రోజు మాట్లాడదలచింది ఈ రెండో అలవాటు గురించి.

మొదట ఆ గుండీ చేసే పనిని చూద్దాం. కొండ ఎదుట నిలబడి కేక వేస్తే కాసేపటికి ఆ కేక మనకే తిరిగి వినిపిస్తుంది. కేక వేసిన క్షణానికీ అది తిరిగి వినిపించిన క్షణానికీ మధ్య ఎంత కాలం గడిచిందో కొలిచి, గాలిలో ధ్వని వేగంతో గుణించి, రెండుతో భాగిస్తే కొండ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. పార్కింగ్ సెన్సర్ చేసేది సరిగ్గా ఇదే. అది వేసే కేక మన చెవికి వినబడదు, అంతే తేడా. మన చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20 వేల కంపనాల వరకే వింటుంది. కార్ల సెన్సర్లు సాధారణంగా 40 నుంచి 58 కిలోహెర్ట్జ్‌ల (అంటే సెకనుకు 40 వేల నుంచి 58 వేల కంపనాల) మధ్య, చాలావరకు 48 కిలోహెర్ట్జ్‌ల దగ్గర పనిచేస్తాయి. మీరు కారులో వినే బీప్ ఆ ధ్వని కాదు. అది లోపల ఉన్న చిన్న స్పీకరు మీ కోసం విడిగా చేసే శబ్దం.

ఈ విద్య గబ్బిలాలకు ఎప్పటినుంచో తెలుసు. 1790లలో ఇటలీకి చెందిన స్పల్లంజానీ, కళ్ళు కనబడని గబ్బిలం చీకట్లో హాయిగా ఎగురుతుందని, చెవులు మూసేస్తే మాత్రం అడ్డమొచ్చిన ప్రతిదానికీ కొట్టుకుంటుందని గమనించాడు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. మనిషి చెవికి అందని ధ్వనులను పట్టే పరికరం సాయంతో గబ్బిలం కేకలను గ్రిఫిన్, పియర్స్ అనే శాస్త్రవేత్తలు 1938లో హార్వర్డ్‌లో పట్టుకునేదాకా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. మనిషి ఆ కేకను తాను వేయగలగడానికి మార్గం వేసింది క్యూరీ సోదరులు. క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుదావేశం పుడుతుందని జాక్, పియర్ క్యూరీలు 1880లో కనుగొన్నారు. అటువంటి పదార్థానికి విద్యుత్తు ఇస్తే అది సాగుతుందని, ముడుచుకుంటుందని మరుసటి ఏడాదే తేలింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లాంజెవాన్ ఈ గుణాన్నే వాడి నీటి అడుగున ఉన్న జలాంతర్గాములను పసిగట్టే ప్రయత్నం చేశాడు. కారు బంపర్ దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1982లో జపాన్‌లో టయోటా కరోనా కారులో ఈ ఏర్పాటు కనిపించింది.

బంపర్ మీద కనిపించే బిళ్ళను చాలామంది కెమెరా అనుకుంటారు, మరికొందరు లోపలికి రంధ్రం ఉందనుకుంటారు. అందులో రంధ్రమేమీ లేదు. అది అడుగు మూసి ఉన్న చిన్న అల్యూమినియం గిన్నె. ఆ గిన్నె అడుగే మనకు కనబడే ముఖం. దాని లోపలి వైపు పింగాణీ వంటి పీజో పదార్థపు (ఇందాక చెప్పిన క్యూరీల గుణం ఉన్న పదార్థపు) బిళ్ళ ఒకటి అతికి ఉంటుంది. దానికి విద్యుత్తు ఇచ్చినప్పుడు ముఖమంతా మృదంగం ముఖంలా కంపిస్తుంది. సెకనులో మూడు వేలవ వంతు కాలంలో పదీ పదిహేను కంపనాలు వెలువరించి ఊరుకుంటుంది. ఆ తర్వాత అదే ముఖం చెవిగా మారుతుంది. వెనుక మీటరు దూరంలో గోడ ఉంటే ధ్వని వెళ్ళి రావలసింది 2 మీటర్లు. 20 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, సుమారు 5.8 మిల్లీసెకన్లకు ప్రతిధ్వని తిరిగి వస్తుంది. ఆ ముఖానికి తెలిసిన సమాచారం అంతే. ఎదుట ఉన్నది గోడా, గేదా, మనిషా అన్న సంగతి దానికి తెలియదు. అది చూడదు, కాలాన్ని లెక్కబెడుతుంది.

నోరూ చెవీ ఒకటే కావడం వల్ల మొదటి చిక్కు వస్తుంది. గుడిగంటను ఒకసారి కొట్టి వదిలితే అది వెంటనే ఆగదు. ఈ ముఖం కూడా విద్యుత్తు ఆపిన తర్వాత కొంతసేపు తనంతట తాను మోగుతూనే ఉంటుంది. తన మోత తన చెవిలో ఉండగా బయటి ప్రతిధ్వని వినబడదు. ఆ మోత ఒక మిల్లీసెకను సాగిందనుకోండి, ఆ లోపు ధ్వని 34 సెంటీమీటర్లు వెళ్ళిపోతుంది. పోనూ రానూ కాబట్టి 17 సెంటీమీటర్లలోపు ఉన్న వస్తువు నుంచి వచ్చే ప్రతిధ్వని ఆ మోతలో కలిసిపోతుంది. తయారీదారులు ముఖం వెనుక మెత్తటి పదార్థం నింపి మోతను త్వరగా అణచడానికి ప్రయత్నిస్తారు గాని, పూర్తిగా పోగొట్టలేరు. చాలా కార్లలో సుమారు 30 సెంటీమీటర్లు రాగానే బీప్‌లు కలిసిపోయి ఒకే కూతగా మారడానికి ఇదొక కారణం. ఆ దూరం తర్వాత అంకెను నమ్మకంగా చెప్పడం దానికి కష్టం. ‘ఇక ఆపు’ అనడమొక్కటే అది చేయగలిగిన పని.

ఇదిగో, ఈ బల్ల మీద ఉన్న చిన్న సర్క్యూట్ పలకను చూడండి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలు వాడే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఇది. దీనికి రెండు కళ్ళలాంటి గిన్నెలు ఉన్నాయి. ఒకటి కేక వేస్తుంది, రెండోది వింటుంది. నోరూ చెవీ వేరు కావడం వల్ల ఇది 2 సెంటీమీటర్ల దూరాన్ని కూడా కొలవగలదు. చవకగా దొరికే ఈ పరికరం లక్షల రూపాయల కారు చేయలేని పని చేస్తున్నదంటే దానిలో గొప్పతనమేమీ లేదు. బంపర్ మీద ఒక్కో చోట రెండేసి గుండీలు పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు, అంతే.

ఈ పరికరంతో మూడు చిన్న ప్రయోగాలు చేస్తాను. వంటింటి నుంచి తెచ్చిన స్టీలు పళ్ళేన్ని దీనికి ఎదురుగా, నిటారుగా పట్టుకుంటున్నాను. తెర మీద 60 సెంటీమీటర్లని చూపిస్తోంది. ఇప్పుడు పళ్ళేన్ని అదే చోట ఉంచి కాస్త పక్కకు తిప్పుతున్నాను. అంకె 2 మీటర్లు దాటిపోయింది. పళ్ళెం ఎక్కడికీ పోలేదు. 48 కిలోహెర్ట్జ్‌ల ధ్వనికి తరంగదైర్ఘ్యం, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య దూరం, 7 మిల్లీమీటర్లు, ఈ పలక వెలువరించే 40 కిలోహెర్ట్జ్‌లకు ఇంకాస్త ఎక్కువ. అంతకన్నా చిన్న ఎగుడుదిగుళ్ళు ఉన్న ఏ ఉపరితలమైనా దానికి అద్దంతో సమానమే. కాంతి అద్దం మీద పడి ఏ కోణంలో పోతుందో ఈ ధ్వని కూడా అలాగే పక్కకు పోయింది, నా దగ్గరికి తిరిగి రాలేదు. ఏటవాలుగా నిలిపిన కారు తలుపు, ఓరగా ఉన్న గ్రానైటు పలక మీ వెనుక ఉన్నప్పుడు జరిగేది ఇదే.

రెండో ప్రయోగం. ఇందాక మీరు నాకు కప్పిన శాలువాను నాలుగు మడతలు పెట్టి ఎదురుగా పట్టుకుంటున్నాను. అంకె నిలకడగా లేదు, వస్తోంది, పోతోంది. గాలికీ స్టీలుకూ, గాలికీ ఇటుకకూ ధ్వని విషయంలో ఉన్న తేడా చాలా పెద్దది. అందువల్ల అటువంటి వస్తువుల మీద పడిన ధ్వని దాదాపు అంతా వెనక్కు వస్తుంది. నూలు పోగుల మధ్య చిక్కుకున్న ధ్వని మాత్రం లోపలే తిరిగి తిరిగి వేడిగా మారిపోతుంది. మెత్తటి దుస్తులు వేసుకున్న మనిషి గోడ కన్నా చాలా బలహీనంగా ‘వినిపిస్తాడు’. చిన్నపిల్లల విషయంలో ఒళ్ళు చిన్నది, ఎత్తు తక్కువ, నిలకడ లేదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2006లో వెలువరించిన అధ్యయనంలో, సెన్సర్ల మీద ఆధారపడిన ఏర్పాట్లు కారు వెనుక ఉన్న మనుషులను, ముఖ్యంగా పిల్లలను గుర్తించడంలో బలహీనంగా ఉన్నాయని తేల్చింది. ఆ తర్వాత 2018 మే నుంచి అక్కడి కొత్త కార్లకు తప్పనిసరి చేసినది వెనుక కెమెరాను, సెన్సర్‌ను కాదు. మన నియమం సెన్సర్‌ను ఎంచుకుంది. ఖర్చు దృష్ట్యా నేను దాన్ని తప్పుపట్టను. అయితే సెన్సర్ ఉందన్న ధైర్యంతో పిల్లలు ఆడుకునే ఆవరణలో కారు వెనక్కు తీయడం మాత్రం తప్పే.

మూడో ప్రయోగానికి సైకిలు తాళం గొలుసు ఒకటి తెచ్చాను. దీన్ని అడ్డంగా వేలాడదీస్తే ఎదుటి గోడ దూరమే చూపిస్తోంది, గొలుసు ఉన్నట్లే లేదు. గొలుసు మీద పడే ధ్వని కొంచెమే, అది కూడా దాని గుండ్రటి అంచుల మీద పడి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపుకు అడ్డంగా కట్టే గొలుసులు, ముళ్ళకంచె తీగలు, సన్నటి ఇనుప గొట్టాలు ఈ కోవలోకే వస్తాయి. సెన్సర్ల పరీక్షకు వాడే ప్రమాణ స్తంభం 75 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మీ ఇంటి ముందు ఉన్న కొళాయి గొట్టం అందులో సగం కూడా ఉండదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఎత్తు సంగతి. సెన్సర్ కేక అన్ని వైపులకూ సమానంగా పరచుకోదు. అడ్డంగా వెడల్పుగా, నిలువుగా ఇరుకుగా ఉండేటట్లు కావాలనే మలుస్తారు. నిలువుగా కూడా వెడల్పు చేస్తే నేల మీది కంకర నుంచి వచ్చే ప్రతిధ్వనులకే అది రోజంతా కూస్తూ ఉంటుంది. ఈ ఇరుకుతనం వల్ల కలిగే ఫలితాన్ని ఒక లెక్కతో చూపిస్తాను. సెన్సర్ నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉందనీ, దాని కేక కిందివైపు 30 డిగ్రీల వరకు దిగుతుందనీ అనుకుందాం. వెనుక 15 సెంటీమీటర్ల ఎత్తున్న కాలిబాట అంచు ఉంది. కారు మీటరు దూరంలో ఉన్నప్పుడు ఆ అంచు కేక పరిధిలోనే ఉంటుంది, బీప్ మొదలవుతుంది. 60 సెంటీమీటర్ల లోపుకు రాగానే అంచు ఆ పరిధి కిందికి జారిపోతుంది, బీప్ ఆగిపోతుంది. దగ్గరయ్యే కొద్దీ మోత పెరగాలని నేర్చుకున్న డ్రైవరు, మోత ఆగింది కాబట్టి అడ్డు తొలగిందనుకుంటాడు. ఆ ధైర్యంతో ఇంకా వెనక్కు వస్తే బంపర్ కింది అంచు రాతికి ఒరుసుకుంటుంది.

పైవైపు కూడా ఇదే కథ, దీనికి నేనే సాక్షిని. ఒక సాయంత్రం ఇరుకు వీధిలో కారు వెనక్కు తీస్తున్నాను. వెనుక ఇనుప ఊచలు వేసుకొచ్చిన లారీ ఒకటి ఆగి ఉంది. ఊచల కొసలు లారీ తొట్టి దాటి బయటికి పొడుచుకు వచ్చాయి. వాటికి కట్టిన ఎర్రగుడ్డ చీకట్లో కనబడలేదు. నా సెన్సర్లు మోకాలి ఎత్తున ఉన్నాయి, ఊచలు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. సెన్సర్లు విన్నది లారీ కింద ఉన్న ఖాళీనీ, ఎంతో వెనుక ఉన్న చక్రాలనూ. బీప్ ఒక్కటైనా రాలేదు, వెనుక అద్దం మాత్రం భళ్ళున పగిలింది. సెన్సర్ పాడైందేమోనని మర్నాడు చూపించాను. అది చక్కగా ఉంది, దాని పని అది చేసింది. ఎదురుగా ఏమీ లేదని అది నాకు చెప్పలేదు. తనకు ప్రతిధ్వని రాలేదని మాత్రమే చెప్పింది. మొదటి మాటగా అర్థం చేసుకున్నది నేను.

ప్రతిధ్వని రానే రానిది ఇంకొకటి ఉంది, గొయ్యి. మూత తీసిన మ్యాన్‌హోల్, బండ విరిగిన మురుగుకాలువ, పునాది కోసం తవ్విన గుంత, వీటి వేటి నుంచీ సెన్సర్‌కు ఏమీ తిరిగి రాదు. దాని లెక్కలో అది ఖాళీ మైదానం.

దూరాన్ని చెప్పడంలో కూడా ఒక మెలిక ఉంది. ఒక్క సెన్సర్‌కు దూరం తెలుస్తుంది గాని దిక్కు తెలియదు. రెండు సెన్సర్ల మధ్య 40 సెంటీమీటర్ల ఎడం ఉండి, సరిగ్గా వాటి నడుమ, బంపర్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో ఒక స్తంభం ఉందనుకోండి. ఏ సెన్సర్ నుంచి కొలిచినా దూరం 28 సెంటీమీటర్లు వస్తుంది, అసలు దూరం 20. మంచి ఏర్పాట్లలో ఒక సెన్సర్ కేక వేస్తే పక్క సెన్సర్లు కూడా వింటాయి. ఆ కాలాలతో త్రిభుజాలు గీసి నిజమైన దూరాన్ని రాబడతారు. బజారులో విడిగా కొని బిగించుకునే చవక సెట్లలో చాలావాటికి ఈ లెక్క రాదు. అవి 28 అనే చెబుతాయి.

వేడి గురించి తరచు అడుగుతారు కాబట్టి చెబుతాను, అది అంత భయపడవలసిన విషయం కాదు. వేడి ఒక డిగ్రీ పెరిగితే ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. మన మే నెల 45 డిగ్రీల ఎండలో అది సుమారు 358 మీటర్లవుతుంది. సెన్సర్ 343 అనే లెక్కలోనే ఉంటే 4 శాతం తేడా వస్తుంది, మీటరు దూరాన్ని 96 సెంటీమీటర్లుగా చూపిస్తుంది. అంటే ఉన్నదానికన్నా దగ్గరగా చూపి మనల్ని ముందే ఆపుతుంది, కాబట్టి నష్టం లేదు. చలిదేశాలలో లెక్క తిరగబడి దూరాన్ని ఎక్కువగా చూపుతుంది గాని, బంపర్‌కు అడుగు దూరంలో ఆ తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే. పైగా చాలా కార్లు బయటి వేడిని కొలిచి సవరించుకుంటాయి.

వేగం మాత్రం భయపడవలసిన విషయమే. ఈ ధ్వనిని గాలి త్వరగా మింగేస్తుంది. మీటరుకు డెసిబెల్‌కు పైగా తగ్గిపోతుంది కాబట్టి, వెనుక సెన్సర్ల హెచ్చరిక చాలావరకు మీటరున్నర దగ్గర మొదలవుతుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కు వస్తే మీటరున్నర దాటడానికి సెకనుకు కాస్త పైగా పడుతుంది. 10 కిలోమీటర్లయితే అర సెకను. బీప్ విని, అర్థమై, కాలు బ్రేకు మీదికి పోవడానికే సెకను దాకా పడుతుంది. నడక వేగం మించి వెనక్కు వచ్చేవారికి ఆ గుండీలు అలంకారమే.

ఇంకో మాట. వాన చినుకులు, బురద ముఖానికి అంటుకుంటే, మృదంగం ముఖానికి పూసిన ముద్ద హెచ్చుతగ్గులయితే శ్రుతి మారినట్లే దీని శ్రుతీ మారుతుంది, అకారణంగా కూస్తుంది. డెంటింగ్ షాపులో బంపర్‌తోపాటు సెన్సర్ మీద కూడా మందంగా పుట్టీ, రంగు పూసి ఇచ్చినా అంతే. లారీ ఎయిర్ బ్రేకు వదిలిన గాలి చప్పుడులోనూ, పక్క కారు సెన్సర్ కేకలోనూ మన చెవికి అందని ఈ అతిధ్వనులే ఉంటాయి. తప్పుడు కూతలకు విసిగి మీట నొక్కి సెన్సర్‌ను ఆపేసేవారిని చూశాను. వారిని నిందించలేను, ముఖం తుడిచి చూడమని మాత్రం చెబుతాను.

2022 అక్టోబరులో టెస్లా సంస్థ తన కొత్త కార్లలో ఈ సెన్సర్లను తీసేసి కెమెరాల మీదే ఆధారపడతానని ప్రకటించింది. పార్కింగ్ సాయం వంటి కొన్ని సదుపాయాలు ఆ కార్లకు కొంతకాలం అందలేదు. కెమెరా గొలుసునూ, గోతినీ, ఊచలనూ చూస్తుంది, నిజమే. కానీ చీకట్లో తెల్లటి సున్నపు గోడ ఎంత దూరాన ఉందో కెమెరా ఊహించాలి, సెన్సర్ కొలుస్తుంది. నా మటుకు నాకు రెండూ కావాలి.

(సభలో డ్రైవింగ్ నేర్పే ఒక మిత్రుడు, ‘మాస్టారూ, నా కారు సెన్సర్లు ఎక్కడెక్కడ వినవో తెలుసుకునేదెలా?’ అని అడిగారు.)

మంచి ప్రశ్న. చదునైన చోట కారు నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళం చెవిని ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేయండి. ఆటోమేటిక్ కారు అయితే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకొని కూర్చోవాలి. ఇంకొకరు పక్కన నిలబడి, అరచేతి వెడల్పు ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా పట్టుకొని బంపర్ వెనుక ఒక్కో అడుగు జరుపుతూ పోవాలి. బీప్ మొదలైన ప్రతిచోటా నేల మీద సుద్దముక్కతో చుక్క పెట్టండి. తర్వాత సన్నటి కర్రతో, ఆ తర్వాత ఒక ఇటుకతో అదే పని చేయండి. మూడు రకాల చుక్కలనూ విడివిడిగా కలపండి. గొట్టానికి పెద్ద గీత వస్తుంది, కర్రకు అందులో సగమో పావో, ఇటుకకు బంపర్ దగ్గర ఏమీ ఉండదు. బంపర్ రెండు మూలల దగ్గర గీత లోపలికి నొక్కుకుపోవడం కూడా చూస్తారు. నేను మా సెల్లార్‌లో ఇలాగే గీసి, చెరపకుండా పైకి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున మా వాచ్‌మన్ భార్య నన్ను ఆపి, ముగ్గు సగంలో వదిలేశారేమని అడిగింది.